చట్టానికి పదునుంది.. వినే చెవేదీ?

బాలల రక్షణలో తొలి మెట్టు వద్దే తడబాటు
ఓడరేవు నగరం ముందున్న ప్రశ్నలు

విశాఖపట్నం: పిల్లలపై అఘాయిత్యం జరిగిన ప్రతిసారీ మరింత కఠినమైన చట్టం కావాలన్న డిమాండు వినిపిస్తుంది. నిజానికి చట్టాలకు కొదవ లేదు. లైంగిక నేరాల నుంచి బాలలకు రక్షణ కల్పించే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. 2019 సవరణతో అందులో మరణశిక్ష సైతం చేరింది. బాల న్యాయ చట్టం 2000లో ఒకసారి, 2015లో మరోసారి కొత్త రూపు దాల్చింది. అయినా విశాఖ నగరంలో ఇటీవలి సంవత్సరాల్లో వెలుగుచూసిన ఘటనలను ఒకదాని పక్కన ఒకటి ఉంచి పరిశీలిస్తే ఒక చేదు నిజం బోధపడుతుంది. పిల్లల గోడు వారి చుట్టూ ఉన్న పెద్దల ద్వారా బయటికి రావడం లేదు. పిల్లలే గోడలు ఎక్కి, రైళ్లు పట్టుకొని, ఊళ్లు దాటి చెప్పుకోవలసి వస్తోంది. శిక్ష ఎంత అన్నది తర్వాతి మాట. తొలి మాట వినే మనిషి దొరకడమే ఇక్కడ గగనమవుతోంది.

మూడు ఘటనలు.. ఒకే పాఠం

2023 జూన్‌లో నగరంలోని వెంకోజీపాలెం ప్రాంతంలో ఉన్న ఒక ఆశ్రమ నిర్వాహకుడిని పోలీసులు అరెస్టు చేశారు. ఆశ్రమంలో తలదాచుకుంటున్న అనాథ బాలికపై అత్యాచారానికి పాల్పడ్డారన్నది ఆయనపై వచ్చిన ఆరోపణ. ఈ విషయం ఆశ్రమంలోని వారి ద్వారా బయటపడలేదు. నగరంలోని ఏ అధికారి తనిఖీలోనూ వెల్లడి కాలేదు. బాలిక అక్కడి నుంచి తప్పించుకొని రైలెక్కింది. తోటి ప్రయాణికుల సాయం అందింది. వేరొక జిల్లాలో దిగాక అక్కడి పోలీసులకు, బాలల సంక్షేమ సమితికి సంగతి చేరింది. ఆ తర్వాతే విశాఖలో కేసు కదిలింది. నేరం రుజువు కావడం, కాకపోవడం న్యాయస్థానం తేల్చే విషయం. అయితే ఒక పసిప్రాణం తన మాట చెప్పుకోవడానికి వందల కిలోమీటర్లు ప్రయాణించవలసి వచ్చిందన్నది మాత్రం కళ్ల ముందున్న వాస్తవం.

2023 డిసెంబరులో మరో ఘటన జరిగింది. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి ఒక ఇంట్లో పనికి కుదిరిన 17 ఏళ్ల బాలికపై సామూహిక అత్యాచారం జరిగిందని పోలీసులు 2024 జనవరి మొదట్లో వెల్లడించారు. పది మందికి పైగా యువకులను నిందితులుగా చేర్చారు. వారిలో సాగరతీరంలో సందర్శకుల ఫొటోలు తీసి బతికేవారు ఉన్నారు. బాలికను లాడ్జికి తీసుకెళ్లారన్నది అభియోగం. తొలుత ఇది బాలిక కనిపించడం లేదన్న కేసుగానే నమోదైంది. ఆమె ఆచూకీ దొరికి, నోరు విప్పిన తర్వాతే అసలు విషయం తెలిసింది.

2025 జనవరిలో విశాలాక్షినగర్ ప్రాంతంలోని జువైనల్ హోమ్‌లో ఉంటున్న బాలికలు ప్రహరీ ఎక్కి రోడ్డు మీదికి వచ్చారు. సిబ్బంది తమను వేధిస్తున్నారని, మత్తు కలిగించే మాత్రలు ఇస్తున్నారని ఆరోపించారు. టీవీ తెరలపై ఆ దృశ్యాలు చూసిన తర్వాత ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. ఆరోపణల నిజానిజాలు నిగ్గుతేల్చే పని విచారణాధికారులది. కానీ హోమ్ లోపల పిల్లల మాట వినడానికి చట్టం ఏర్పరచిన దారులు సక్రమంగా పనిచేస్తే పిల్లలు గోడ ఎక్కే అవసరం ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు యంత్రాంగమే జవాబు చెప్పాలి.

ఆశ్రమం, లాడ్జి, ప్రభుత్వ ఆలనలోని హోమ్. చోట్లు వేరు, ఆరోపణల తీరు వేరు. మూడింటిలోనూ పిల్లల మాట ఆలస్యంగానే వినపడింది. అదీ వాళ్లు ఆ చోటు విడిచి బయటికి వచ్చాకే.

ఎవరూ ఎరుగని పిల్లలు

విశాఖ స్వరూపమే ఈ సమస్యకు ఒక ప్రత్యేకతను తెచ్చిపెట్టింది. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటి నుంచి ఇది బయటి వారిని అక్కున చేర్చుకొన్న నగరం. హావ్‌డా-చెన్నై ప్రధాన రైలుమార్గం ఇటు నుంచే వెళ్తుంది. కొత్తవలస-కిరండూల్ మార్గం అరకు లోయ మీదుగా ఛత్తీస్‌గఢ్ ఇనుప గనుల దాకా సాగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశా జిల్లాల నుంచి, మన్యం గూడేల నుంచి బతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చే కుటుంబాలకు విశాఖ రైల్వేస్టేషనే తొలి గుమ్మం. వారితోపాటు పిల్లలూ వస్తారు. కొందరు ఇల్లు విడిచి ఒంటరిగా దిగుతారు.

ఉక్కు కర్మాగారం వచ్చాక గాజువాక, కూర్మన్నపాలెం పరిసరాలు పట్టణాలుగా మారాయి. మధురవాడ వైపు భవన నిర్మాణాలు పెరిగాయి. చేపల రేవు, ఆటోనగర్, హోటళ్లు, కల్యాణ మండపాలు, ఇళ్లలో పనులు.. చిన్న చేతులకు పని దొరికే చోట్లకు లోటు లేదు. తల్లిదండ్రులిద్దరూ కూలికి వెళ్లే ఇళ్లలో పిల్లలు రోజంతా ఇరుగుపొరుగు వారి దయ మీద ఉంటారు. పల్లెలో ఒక పిల్లవాడు రెండు రోజులు కనిపించకపోతే ఊరంతా అడుగుతుంది. నగరంలో అద్దె గదులు మారుతూ ఉండే కుటుంబంలోని పిల్లను బడిలో టీచరు తప్ప పేరు పెట్టి పిలిచేవారు ఉండరు. బడి మానేసిన పిల్ల అయితే ఆ ఒక్కరూ ఉండరు.

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి జిల్లాను విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విభజించారు. పాలన మూడు ముక్కలైనా మనుషుల రాకపోకలు మారలేదు. పాడేరు నుంచి చదువుకో, పనికో నగరానికి వచ్చిన బాలిక వివరాలు ఒక జిల్లా కాగితాల్లో ఉంటాయి, ఆమె ఉండేది మరో జిల్లాలో. రెండు జిల్లాల బాలల పరిరక్షణ విభాగాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే ఆమె ఇద్దరి లెక్కలోనూ లేకుండా పోతుంది.

పద్నాలుగేళ్ల కేసు

పిల్లల మాట వినపడిన తర్వాత న్యాయం ఎంత దూరంలో ఉంటుందో తెలియజెప్పే పాత ఉదాహరణ ఈ నగరానిదే. సేవా కార్యక్రమాల పేరిట ఆంధ్ర, ఒడిశా ప్రాంతాల్లో దశాబ్దాల పాటు తిరిగిన ఒక ఆస్ట్రేలియా దేశస్థుడిపై బాలురను లైంగికంగా వేధించాడన్న కేసు 2001 నాటిది. దానిపై విశాఖలోని న్యాయస్థానం తీర్పు చెప్పి మూడేళ్ల జైలు శిక్ష విధించింది 2015లో. అంటే 14 ఏళ్లు. కేసు మొదలైనప్పుడు పదేళ్లున్న బాలుడు తీర్పు నాటికి ఇరవై నాలుగేళ్ల యువకుడవుతాడు. చిన్ననాటి గాయాన్ని కోర్టు మెట్ల మీద అన్నేళ్లు మోయడం ఎవరికైనా సులువు కాదు.

2001లో పోక్సో లేదు. బాలురపై జరిగే లైంగిక దాడులను ప్రత్యేకంగా గుర్తించే చట్టమే లేదు. భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షనే అప్పటికి దిక్కు. పోక్సో వచ్చాక బాలుడు, బాలిక అన్న తేడా లేకుండా 18 ఏళ్లలోపు వారందరికీ ఒకే రక్షణ లభించింది. న్యాయస్థానం కేసును విచారణకు స్వీకరించిన 30 రోజుల్లో బాధిత బాలల సాక్ష్యం నమోదు చేయాలని, వీలైనంత వరకు ఏడాదిలోగా విచారణ ముగించాలని ఆ చట్టంలోని 35వ సెక్షను చెబుతోంది.

కాగితం మీది గడువు వేరు, కోర్టు హాలులోని వాయిదా వేరు. జాతీయ నేర రికార్డుల సంస్థ 2020, 2021 నివేదికలను చూస్తే, పిల్లలపై నేరాల కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా ఏడాది చివరికి కోర్టుల్లో పెండింగులోనే ఉన్నాయి. వందకు మించి పోక్సో కేసులున్న ప్రతి జిల్లాలోనూ ప్రత్యేక న్యాయస్థానం నెలకొల్పాలని సుప్రీంకోర్టు 2019 జులైలో ఆదేశించింది. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్ర శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. 21 రోజుల్లో తీర్పు అన్నది అందులోని హామీ. ఆ బిల్లు రాష్ట్రపతి ఆమోదం పొందలేదు. ఇరవై ఒక్క రోజుల మాట పోయి, ఉన్న చట్టంలోని ఏడాది గడువైనా నిలబడితే చాలునన్న స్థితి మిగిలింది.

ముసుగు లేని దొంగలు

పిల్లలకు ముప్పు అపరిచితుల నుంచేనన్న నమ్మకం సమాజంలో బలంగా ఉంది. చాక్లెట్ ఇచ్చి ఎత్తుకుపోయేవాడి గురించి ప్రతి తల్లీ హెచ్చరిస్తుంది. వాస్తవం ఇందుకు భిన్నం. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలను ప్రశ్నించారు. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నామని చెప్పారు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధితుల్లో బాలురు 52.94 శాతం. వేధించిన వారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారే, నమ్మకంగా ఉన్నవారే. పిల్లల్లో అత్యధికులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదని ఆ అధ్యయనం తేల్చింది.

పోలీసుల వద్దకు వచ్చిన కేసులు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. పోక్సో చట్టం కింద నమోదైన అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవారేనని జాతీయ నేర రికార్డులు ఏటా చెబుతున్నాయి. బంధువు, పొరుగింటి వాడు, ట్యూషన్ చెప్పేవాడు, ఆటో డ్రైవరు, ప్రేమ పేరిట దగ్గరైనవాడు. అందుకే పిల్ల నోరు విప్పడం కష్టమవుతుంది. చెబితే ఇంట్లో గొడవ, అమ్మ ఏడుస్తుంది, నాన్న కొడతాడు, బడి మాన్పిస్తారు. మగపిల్లవాడైతే నవ్వుతారన్న సిగ్గు. చెప్పిన మాట నమ్మరన్న భయం వీటన్నింటినీ మించినది.

చాలాసార్లు పిల్లలు మాటలతో చెప్పరు. ఫలానా ఇంటికి వెళ్లనంటారు. ఉన్నట్టుండి చదువులో వెనకబడతారు. నిద్రలో ఉలిక్కిపడతారు. పక్క తడుపుతారు. కడుపునొప్పి అని బడి మానేస్తారు. వీటిలో ప్రతిదీ వేధింపుకు గుర్తు కానక్కరలేదు. కానీ గమనించి, కోప్పడకుండా, మెల్లగా అడిగే పెద్దమనిషి ఇంట్లోనో బడిలోనో ఒక్కరు ఉంటే సగం కేసులు మొదట్లోనే ఆగుతాయన్నది బాలలతో పనిచేసేవారి అనుభవం.

మౌనమూ నేరమే

తెలిసీ చెప్పకపోవడం నేరమన్న సంగతి చదువుకున్నవారికి సైతం తెలియదు. పోక్సో 19వ సెక్షను ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, జరగబోతోందని అనుమానం ఉన్నవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. 21వ సెక్షను ప్రకారం చెప్పకుండా దాచినవారికి ఆరు నెలల వరకు జైలు. సంస్థకు అధిపతిగా ఉండి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచితే ఏడాది వరకు శిక్ష. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై ఏ కేసూ ఉండదని అదే చట్టం భరోసా ఇస్తోంది.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో గిరిజన బాలికల వసతి గృహానికి సంబంధించిన కేసులో వైద్యుడు విషయం తెలిసీ చెప్పలేదన్న అభియోగం వచ్చింది. బొంబాయి హైకోర్టు ఆ కేసును కొట్టివేయగా, సుప్రీంకోర్టు 2022 నవంబరు 2న ఆ ఉత్తర్వును రద్దు చేసింది. బాలలపై లైంగిక దాడిని తెలిసీ తెలియజేయకపోవడం తీవ్రమైన నేరమని స్పష్టం చేసింది. మన్యం ఆశ్రమ పాఠశాలల్లో, నగరంలోని ప్రైవేటు హాస్టళ్లలో పనిచేసే ప్రతి వార్డెను, ప్రతి నర్సు, ప్రతి ప్రధానోపాధ్యాయుడు తెలుసుకోవలసిన తీర్పు ఇది. బడి పరువు పోతుందని, ఇరుపక్షాలను కూర్చోబెట్టి సర్దిచెప్పే పెద్దమనుషుల పంచాయితీకి చట్టంలో చోటు లేదు.

లాడ్జీల విషయంలో చట్టం మరో అడుగు ముందుకేసింది. పత్రికలు, హోటళ్లు, లాడ్జీలు, ఆసుపత్రులు, క్లబ్బులు, స్టూడియోలు, ఫొటోలకు సంబంధించిన సంస్థల సిబ్బంది తమ కంటపడిన అశ్లీల బాలల చిత్రాలను, వస్తువులను పోలీసులకు తెలియజేయాలని 20వ సెక్షను నిర్దేశిస్తోంది. చట్టం రాసినవారు లాడ్జిని, ఫొటో స్టూడియోను పేరు పెట్టి మరీ చేర్చారు. తీరప్రాంత పర్యాటక నగరంలో ఈ రెండింటికీ ఉన్న ప్రాధాన్యం వేరే చెప్పనక్కరలేదు.

సముద్రతీరం, పర్యాటకులు ఉన్న గోవా ఈ పాఠం ముందే నేర్చుకొంది. అనాథ బాలురకు ఆశ్రయం పేరిట సాగిన దారుణాలపై ఫ్రెడీ పీట్స్ అనే వ్యక్తికి 1996లో శిక్ష పడింది. ఆ అనుభవంతో 2003లో గోవా బాలల చట్టం వచ్చింది. కుటుంబ సభ్యులతో గానీ, రక్తసంబంధీకులతో గానీ నమోదై ఉంటే తప్ప పిల్లలను హోటల్ గదిలోకి అనుమతించరాదన్న బాధ్యతను మేనేజరుపై ఆ చట్టం పెట్టింది. ఫొటోలు కడిగేవారు అశ్లీల బాలల చిత్రాలను గుర్తిస్తే సమాచారం ఇవ్వాలంది. విశాఖలో రైల్వేస్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్, సాగరతీరం చుట్టూ ఉన్న లాడ్జీల్లో ఒక మైనరు గదిలోకి వెళ్లేటప్పుడు వయసు ధ్రువపత్రం అడిగే అలవాటు ఏ మేరకు ఉందో పోలీసు, పర్యాటక శాఖలు తనిఖీ చేసి చెప్పాలి. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు. కౌంటరులోని గుమాస్తా అడిగే ఒక్క ప్రశ్న చాలు.

ఆశ్రయమిచ్చే చోట

అనాథలకు అన్నం పెట్టే సంస్థలను సమాజం గౌరవంగా చూస్తుంది. ఆ గౌరవమే తనిఖీకి అడ్డు కాకూడదు. రక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకొనే ప్రతి సంస్థ బాల న్యాయ చట్టం 41వ సెక్షను కింద నమోదు కావాలి. పేరు ఆశ్రమమైనా, మఠమైనా, మిషన్ అయినా, ట్రస్టు అయినా మినహాయింపు లేదు. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు గానీ, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. తల్లిదండ్రులు లేని పిల్ల దొరికితే 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితికో, పోలీసులకో తెలియజేయడం తప్పనిసరి. బంధువులు తెచ్చి వదిలారని, ఊరివారు అప్పగించారని సొంతంగా ఉంచుకొనే వీలు లేదు.

హోముల్లో పిల్లల మాట వినేందుకు 2016 నమూనా నియమాల్లో ఏర్పాటు ఉంది. ప్రతి హోములోనూ పిల్లల సంఘాలు ఉండాలి. కార్యాలయానికి దూరంగా, పిల్లలకు అందుబాటులో ఒక సలహాల పెట్టె ఉండాలి. దాని తాళంచెవి హోము సిబ్బంది దగ్గర కాక నిర్వహణ సంఘం అధ్యక్షుని దగ్గర ఉండాలి. వారం వారం పిల్లల ప్రతినిధుల ఎదుట తెరవాలి. తాళం ఎవరి చేతిలో ఉందన్నది చిన్న విషయంగా కనిపించవచ్చు. ఫిర్యాదు ఎవరి మీదనో వారే ఆ పెట్టె తెరిస్తే పిల్లలు అందులో చీటీ వేయరు. గోడ ఎక్కుతారు.

మహిళలు, బాలికల రక్షణకు రాష్ట్రంలో 2020లో దిశ యాప్, 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చాయి. ఫోన్ చేతిలో ఉన్నవారికి అవి ఉపకరిస్తాయి. హోములోని బాలికకు, ఇంటి పనిలోని పిల్లకు, చేపల రేవులో రొయ్యలు ఒలిచే చిన్నారికి ఫోన్ ఎక్కడిది? వారికి కావలసింది వారానికోసారైనా ఒంటరిగా, వార్డెనూ యజమానీ పక్కన లేకుండా మాట్లాడే మనిషి.

పని, గంజాయి.. దోపిడీకి మరో ముఖం

లైంగిక వేధింపు ఒక్కటే దోపిడీ కాదు. 14 ఏళ్లలోపు పిల్లలను ఇంటి పనికి, దాబాల్లో పనికి పెట్టుకోవడాన్ని కేంద్రం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధించింది. 2016 సవరణతో కుటుంబ వృత్తులు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప 14 ఏళ్లలోపు వారిచేత ఏ పనీ చేయించరాదన్న నిబంధన వచ్చింది. 14 నుంచి 18 ఏళ్ల వారికి ప్రమాదకర పనులే నిషిద్ధం. ఫలితంగా పదహారు, పదిహేడేళ్ల బాలిక పరాయి ఊళ్లో, పరాయి ఇంట్లో ఉండి పనిచేయడం దానంతట అది నేరం కావడం లేదు. ఆమె ఎక్కడుందో, ఎలా ఉందో అడిగే బాధ్యత ఎవరిదన్నది తేలడం లేదు. జీతం ఆపినా, బలవంతంగా ఉంచుకొన్నా బాల న్యాయ చట్టం 79వ సెక్షను కింద ఐదేళ్ల వరకు శిక్ష పడుతుంది. ఆ సంగతి బయటికి చెప్పేవారుంటేనే.

మన్యం నుంచి నగరం మీదుగా సాగే గంజాయి రవాణాలో చిన్న వయసు వారిని వాడుకోవడం మరో గాయం. కొద్దిపాటి డబ్బు ఆశ చూపి సంచి చేతికిచ్చి బస్సో రైలో ఎక్కిస్తారు. పట్టుబడేది మోసినవాడు, దొరకనిది పంపినవాడు. మాదకద్రవ్యాల రవాణాకు పిల్లలను ఉపయోగించుకొంటే ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా అని అదే చట్టం 78వ సెక్షను చెబుతోంది. పట్టుబడిన పిల్లవాడిని నిందితుడిగా మాత్రమే చూసి ఊరుకొంటే ఈ సెక్షను పుస్తకంలోనే ఉండిపోతుంది. సంచి నీ చేతికి ఇచ్చిందెవరన్న ప్రశ్న వేసి, వాడు చెప్పేదాకా ఓపికగా వింటేనే అసలు వ్యాపారి దాకా దారి దొరుకుతుంది.

ఫిర్యాదు తర్వాత

ఫిర్యాదుతో కథ ముగియదు. పిల్లకు అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఇంట్లో చెప్పిందే స్టేషనులో, ఆసుపత్రిలో, మేజిస్ట్రేటు ముందు, కోర్టులో మళ్లీ మళ్లీ చెప్పాలి. ఈ బాధ తగ్గించాలనే పోక్సోలో ఎన్నో జాగ్రత్తలు పొందుపరిచారు. వాంగ్మూలం పిల్ల ఇంటి వద్దనో, ఆమె కోరుకున్న చోటనో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సైకి తగ్గని హోదా గల మహిళా అధికారి ఆ పని చేయాలి. యూనిఫాంలో ఉండకూడదు. రాత్రివేళ పిల్లలను స్టేషనులో ఉంచకూడదు. బాలికను మహిళా వైద్యురాలే పరీక్షించాలి. కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రికి వచ్చిన పిల్లకు చికిత్స చేయడానికి ముందు పోలీసు కాగితమో, కోర్టు ఉత్తర్వో తెమ్మని అడగకూడదు. నిందితుడు ఎదుటపడకుండా, తలుపులు మూసిన గదిలో విచారణ జరగాలి. ఎదుటి పక్షం దూకుడు ప్రశ్నలను న్యాయమూర్తి అనుమతించరాదు.

2020 నాటి పోక్సో నియమాలు ఇంకొన్ని మేలు చేశాయి. దర్యాప్తు మొదలు తీర్పు దాకా పిల్లకు తోడుండే సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ సమితి నియమించాలి. తిండికి, బట్టలకు, రాకపోకలకు అత్యవసర సాయం వారంలోగా అందాలి. కేసు తేలేదాకా ఆగకుండా మధ్యంతర పరిహారం ఇవ్వవచ్చు. కూలి చేసుకొనే తల్లి ప్రతి వాయిదాకూ ఒక రోజు కూలి పోగొట్టుకొని కోర్టుకు వస్తుంది. బస్సు చార్జీ, భోజనం ఖర్చు మీద పడతాయి. ఇటు ఇంటి చుట్టూ రాజీ రాయబారాలు సాగుతాయి. ఎన్ని కేసులు సాక్ష్యం లేక వీగిపోతున్నాయో లెక్కించేటప్పుడు ఈ ఖర్చునూ, ఈ ఒత్తిడినీ లెక్కలోకి తీసుకోవాలి. సాక్షులు ఎదురు తిరిగారని రాసుకోవడం తేలిక. వారు ఎందుకు అలసిపోయారని అడిగినవారు తక్కువ.

బాధితుల వివరాలు బయటపెట్టరాదని 23వ సెక్షను పత్రికలను, టీవీలను శాసిస్తోంది. పేరు రాయకుండా వీధి పేరు, బడి పేరు, తండ్రి వృత్తి రాసినా అది బయటపెట్టడమే. సెల్‌ఫోన్లలో తిరిగే వీడియోల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. బాలల అశ్లీల చిత్రాలను చూడటం, దాచుకోవడం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న తేల్చిచెప్పింది. పక్కవాడు పంపాడని మరొకరికి పంపడం సరదా కాదు, జైలుకు దారి.

చేయవలసింది ఎంతో లేదు

జిల్లా యంత్రాంగం ముందున్న పనులు అసాధ్యమైనవి కావు. పిల్లలను ఉంచుకొన్న సంస్థలన్నింటి జాబితాను, వాటి నమోదు వివరాలతో సహా ప్రజలకు తెలిసేలా ప్రకటించాలి. హోముల్లోని సలహాల పెట్టెలు ఎన్నిసార్లు తెరిచారో, ఎన్ని ఫిర్యాదులు పరిష్కరించారో నెలనెలా లెక్క చెప్పాలి. లాడ్జీల్లో మైనర్ల నమోదుపై ఆకస్మిక తనిఖీలు జరపాలి. ఏడాది దాటిన పోక్సో కేసులు జిల్లాలో ఎన్ని ఉన్నాయో, ఎంతమంది పిల్లలకు సహాయక వ్యక్తిని నియమించారో వెల్లడించాలి. విశాఖ, అనకాపల్లి, అల్లూరి జిల్లాల బాలల సంక్షేమ సమితులు వలస పిల్లల వివరాలను పరస్పరం అందజేసుకోవాలి. బడుల్లో సురక్షిత స్పర్శ, చెడు స్పర్శ గురించి ఏడాదికొక రోజు చెప్పి ఫొటో దిగి వెళ్లడం కాకుండా, ప్రతి బడిలోనూ పిల్లలు నమ్మి చెప్పుకోగల ఒక ఉపాధ్యాయురాలిని గుర్తించి ఆమెకు శిక్షణ ఇవ్వాలి.

పౌరుల వంతు పని ఇంకా చిన్నది. పిల్లల సహాయ నంబరు 1098. 1996లో ముంబయిలో మొదలైన ఈ సేవ 2023 నుంచి ప్రభుత్వ యంత్రాంగం ద్వారా, అత్యవసర నంబరు 112తో అనుసంధానమై నడుస్తోంది. రెండూ ఉచితమే. ఫిర్యాదు ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. తమ పరిధి కాదని తిప్పి పంపకుండా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత నిర్దేశిస్తోంది. ఆన్‌లైన్ వేధింపులపై 1930 నంబరుకు, కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌కు చెప్పవచ్చు. అనుమానం నిజమా కాదా అని రుజువు చేయవలసిన బాధ్యత చెప్పినవారిది కాదు, దర్యాప్తు చేసేవారిది.

పొరుగింటి పిల్ల ముభావంగా ఉంటే ఒక మాట అడగడం, ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా కూర్చున్న కుర్రవాడిని రైల్వే పోలీసుకు చూపించడం, తన పిల్లవాడు ఫలానా మామయ్య ఇంటికి వెళ్లనంటే ఎందుకని ఓపికగా వినడం.. ఇవి ఏ జీవోతోనూ వచ్చేవి కావు. ఆ పని జరిగిన ఇంట్లో, ఆ పని జరిగిన వీధిలో చట్టానికి పదును ఎంతన్న ప్రశ్న రాకముందే ఒక బిడ్డ బయటపడుతుంది.